పదిహేను వారాలు ఎక్కడ పోయాయి: పదహారేళ్ల అమ్మాయి గర్భం, ఒక కేస్ స్టడీ

ఇది ఒక్క అమ్మాయి కేసు కాదు. ప్రభుత్వ బోధనాసుపత్రి గైనిక్ ఓపీలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతుల్ని ఒకచోట చేర్చి అల్లిన నమూనా. ఊరు, కాలేజీ, ఆసుపత్రి పేర్లు ఇందులో ఉండవు. మందుల మోతాదులు, చట్టం సెక్షన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఓపీ చీటీ మీద రాసి ఉన్నది ఇంతే: పొత్తికడుపు ఉబ్బరం, 4 నెలలుగా నెలసరి లేదు, థైరాయిడా? వయసు 16 ఏళ్ల 8 నెలలు. ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. దసరా సెలవులకు ఇంటికొచ్చింది. అనుమానం తల్లికే వచ్చింది. జూన్‌లో పెట్టెలో పెట్టి పంపిన ప్యాడ్ల ప్యాకెట్లలో ఒక్కటీ విప్పలేదు.

బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి వేస్తే గర్భాశయం బొడ్డుకు కాస్త కింద తగిలింది. స్కాన్‌లో 19 వారాల 4 రోజులు. బరువు 42 కిలోలు, బీపీ 110/70, హిమోగ్లోబిన్ 8.6 గ్రాములు, రక్తం గ్రూపు బి నెగెటివ్.

వారాల లెక్క

ఇలాంటి కేసులో మొదట రాయాల్సింది రోగ నిర్ధారణ కాదు, ఏ వారం ఎక్కడ పోయిందన్న లెక్క. నెల తప్పిందని తెలియాల్సింది అయిదో వారంలో. మా దగ్గరికి వచ్చింది ఇరవయ్యో వారం నడుస్తుండగా. మధ్యలో దాదాపు 15 వారాలు.

మొదటి నాలుగైదు వారాలు నెలసరి సరిగా రాకపోవడంలో కలిసిపోయాయి. ఈడొచ్చిన మొదటి కొన్నేళ్లు నెలసరి ముందువెనుకలు కావడం మామూలే. హాస్టల్లో తిండి, నీళ్లు మారితే రెండు నెలలు రాలేదన్నా ఎవరూ పట్టించుకోరు. తొమ్మిదో వారంలో స్నేహితుడు గర్భ పరీక్ష స్ట్రిప్ కొని తెచ్చాడు, రెండు గీతలు వచ్చాయి. అతనికి 19 ఏళ్లు, అదే ఊరు, సెల్‌ఫోన్ల రిపేరు షాపులో పని.

పంద్రాగస్టు సెలవుకు, అంటే 10 వారాలు దాటాక, మందుల షాపులో అడిగితే స్ట్రిప్పు నుంచి కత్తిరించి రెండు మాత్రలు ఇచ్చారట. ఆమె చెప్పిన ఆకారాన్ని బట్టి అవి మిసోప్రోస్టాల్, గర్భాశయాన్ని బిగించి గర్భం బయటికి వచ్చేలా చేసే మందు. గర్భస్రావం మాత్రల పూర్తి కిట్‌లో 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ ఒకటి, 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ నాలుగు ఉంటాయి. అదీ 9 వారాల లోపు, డాక్టరు చీటీ మీద, వాడాక చూపించుకునే షరతుతో. తొమ్మిది వారాలు దాటిపోయాయి, మొదటి మాత్రే లేదు, రెండోది సగం. రెండు రోజులు బ్లీడింగ్ అయింది. 'అయిపోయింది' అనుకున్నారిద్దరూ.

అసలు ప్రమాదం ఈ బ్లీడింగే. రక్తం కనబడితే గర్భం పోయినట్టు కాదు. దాన్ని స్ట్రిప్‌తో తేల్చుకోవడమూ కుదరదు, నిజంగా గర్భస్రావం అయినా హార్మోన్ కొన్ని వారాలు మూత్రంలో ఉంటుంది, గీత వస్తూనే ఉంటుంది. రెండు వారాలకు స్కాన్ తీస్తే తేలిపోయేది. ఆ రెండు రోజుల రక్తం వల్ల మరో ఏడెనిమిది వారాలు పోయాయి.

దసరాకు తల్లి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లింది. గ్యాస్ మాత్రలు, థైరాయిడ్ పరీక్ష, నాలుగైదు రోజులు. ఇక్కడో మాట. గర్భస్రావ చట్టంలో ఉండే 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' అంటే ఎంబీబీఎస్ చదివి, రిజిస్టరై, గైనిక్‌లో చట్టం కోరిన అనుభవమో శిక్షణో ఉన్న డాక్టరు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఏమీ చదవకుండా సూది వేసే మనిషి. 'ఆర్‌ఎంపీ చెయ్యొచ్చని చట్టంలోనే ఉందట' అని వాదించిన కుటుంబాలున్నాయి. మూడు అక్షరాలు చేసిన హాని చాలా ఉంది.

తర్వాత పట్నంలో ఒక నర్సింగ్ హోమ్. స్కాన్ తీశారు, 18 వారాల 5 రోజులు. 'మైనరు కేసు, కోర్టు ఆర్డరు తెండి' అని పంపేశారు. ఇది తప్పు. 24 వారాల లోపు మైనరుకు ఏ కోర్టు కాగితమూ అక్కర్లేదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింది నియమాలు (2020) ఇంకా ముందుకెళ్లి, అత్యవసర వైద్యానికి ముందు షరతుగా ఏ న్యాయాధికారి ఉత్తర్వూ అడగకూడదన్నాయి. ఆ నర్సింగ్ హోముకు 12 వారాల వరకే అనుమతి ఉండి ఉండొచ్చు. అలాగైతే అదే చెప్పి, ఎక్కడికి వెళ్లాలో చీటీ రాసివ్వాలి. కోర్టు మాట విని తండ్రి వకీళ్ల చుట్టూ తిరిగిన ఆరు రోజులు అలా పోయాయి.

తెర వెనక అడిగిన ప్రశ్న

తల్లిని బయట కూర్చోమని, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, అడిగే ముందే ఒక మాట చెప్పాలి: 'నువ్వు చెప్పేవన్నీ నా దగ్గరే ఉంటాయి. కానీ నీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఒక్క విషయం పోలీసులకు తెలియజేయాలని చట్టం ఉంది. ఏం తెలియజేస్తానో నీకు చూపించే పంపుతాను.'

ఈ కేసులో జూనియర్ డాక్టరు వరస తప్పింది. ముందు ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు అని అడిగింది. అమ్మాయి నమ్మి చెప్పింది. ఆ తర్వాత 'రిపోర్టు చెయ్యాలి' అంది. 'మీరే పట్టించారు' అని అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు తిండి సరిగా ముట్టలేదు, సరిగా మాట్లాడలేదు. ఆ రెండు రోజులు కూడా వారాల లెక్కలోకే వస్తాయి.

పోక్సో చట్టం (2012) సెక్షన్ 19 ప్రకారం సమాచారం ఇవ్వడం తప్పనిసరి, ఇవ్వకపోతే సెక్షన్ 21 కింద శిక్ష. ఇద్దరూ ఇష్టపడ్డారా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పైగా గర్భం వస్తే సెక్షన్ 5 కింద తీవ్రమైన నేరమవుతుంది, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్లు. సెల్‌ఫోన్ల షాపులో పనిచేసే 19 ఏళ్ల కుర్రాడికి ఇరవై ఏళ్లు. 16 నుంచి 18 ఏళ్ల మధ్య కేసుల్లో శిక్ష విషయంలో న్యాయమూర్తికి వెసులుబాటు ఉండాలని లా కమిషన్ 2023లో తన 283వ నివేదికలో చెప్పింది, అంగీకార వయసు మాత్రం తగ్గించొద్దంది. ఆ చర్చ ఎటు తేలినా ఓపీ బల్ల దగ్గర కూర్చున్న డాక్టరుకు సమాచారం ఇవ్వకుండా ఉండే దారి లేదు.

కానీ పేరు లేకుండా ఇచ్చే దారి ఉంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పేరు, వివరాలు డాక్టరు వెల్లడించనక్కర్లేదు. అమ్మాయీ తల్లీ అలాగే కోరారు. కోరినట్టు కేసు షీటులో ఇద్దరి సంతకాలతో రాయించాం. లేఖలో వయసు, గర్భం వారాలు, ఆసుపత్రి క్రమ సంఖ్య మాత్రమే. అవుట్‌పోస్టు కానిస్టేబులు సహజంగానే 'పేరు లేకుండా ఎమ్‌ఎల్‌సీ ఎలా తీసుకుంటాను' అన్నాడు (ఎమ్‌ఎల్‌సీ అంటే పోలీసులకు పంపే వైద్య-న్యాయ కేసు కాగితం). తీర్పులో ఆ పేరాల ప్రతిని లేఖకు జతచేస్తే, సర్కిల్ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడి గంటలో అందినట్టు సంతకం పెట్టాడు. ఆ ప్రతి వార్డులో ఎప్పుడూ ఒకటి ఉండాలి. వెతుక్కోవడానికే పూట పోతుంది.

ఆ మొదటి రోజే అడగాల్సిన ఇంకో ప్రశ్న, తిప్పకుండా, సూటిగా: 'చచ్చిపోవాలనిపించిందా?' అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అనిపించిందంది. పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్లో మంచం కిందే ఉంటుందనీ అంది. తల్లి చేత ఫోను చేయించి దాన్ని ఆ సాయంత్రమే వేరేవాళ్ల కొట్టానికి మార్పించాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద కాకుండా అమ్మాయి ఫోనులో 'జిరాక్స్ సెంటర్' అన్న పేరుతో సేవ్ చేయించాం.

పెళ్లి ప్రతిపాదన

రెండో రోజు తండ్రి వచ్చాడు. 'అదే అబ్బాయికిచ్చి పెళ్లి చేసేస్తాం, కడుపు ఉంచేయండి' అన్నాడు. ప్రతి రెండో ఇంట్లో వినిపించే మాటే ఇది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం. వీళ్లలో చాలామంది పెళ్లయినవాళ్లే. పెళ్లయితే ఎవరూ అడగరన్న ధైర్యం అందులోంచే వస్తుంది.

తండ్రికి నీతి చెప్పలేదు. మూడు సంగతులు చెప్పాం. 18 నిండకుండా పెళ్లి చేస్తే చేసినవాళ్లకు బాల్యవివాహ నిషేధ చట్టం (2006) కింద రెండేళ్ల దాకా కఠిన శిక్ష. పెళ్లి చేసినంత మాత్రాన పోక్సో కేసు పోదు, భార్య మైనరైతే భర్త మీదా కేసేనని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మూడోది, కాన్పు దాకా ఉంచితే ఈ బరువుతో, ఈ రక్తంతో గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం), నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఇవన్నీ ఇరవై దాటినవాళ్లకన్నా ఎక్కువ. ఆయన మాట్లాడకుండా వెళ్లి అబ్బాయి ఇంటి మీదికి పోయాడు. వాళ్లు ఒప్పుకోలేదు. నాలుగో రోజు తండ్రే స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చేశాడు. పేరు దాచడానికి పడ్డ శ్రమంతా ఆ ఒక్క సంతకంతో పోయింది. ఇలా జరగొచ్చని ముందే ఊహించుకుని పనిచేయాలి. ఎందుకో తర్వాత చెప్తాం.

ఎవరి నిర్ణయం

చట్టం మైనరుకు సంరక్షకుల రాతపూర్వక అంగీకారం అడుగుతుంది, ఫారం సి. అందులో సంరక్షకులు నింపే భాగంలో అమ్మాయి సంతకానికి చోటే లేదు. చోటు లేదు కాబట్టి అమ్మాయిని అడగనక్కర్లేదనుకోవడం మామూలు తప్పు. ఆమె వద్దంటే తల్లిదండ్రుల సంతకంతో తీసేయడానికి లేదు. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే కేసు షీటులో రాయాలి.

రెండు దార్లూ ఆమె ముందు పెట్టాం. ఉంచుకుంటే: వేరే ఊరి పీహెచ్‌సీ నుంచో నేరుగా ఆసుపత్రి నుంచో చెకప్‌లు, రోజూ ఐరన్, రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల కాల్షియం, ప్రతిసారీ బీపీ. బిడ్డను పెంచలేనంటే బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగింత పత్రం, ఆపైన మనసు మార్చుకోవడానికి 60 రోజులు. పెంచుకుంటే బర్త్ సర్టిఫికెట్‌కు తండ్రి పేరు తప్పనిసరి కాదు. తీసేయించుకుంటే: ఎన్ని రోజులు వార్డులో, ఏం మందు, ఏం వస్తుంది. పిండం అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో లోపమేమీ కనబడలేదు. అయితే ఆగస్టులో వేసుకున్న మిసోప్రోస్టాల్ వల్ల కాళ్లూచేతులకు, ముఖం నరానికి లోపం వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుందనీ, ముఖం నరం స్కాన్‌లో కనిపించదనీ దాచకుండా చెప్పాం.

ఆమె అడిగినవి రెండే. 'నొప్పి ఎంతసేపు?' 'హాఫ్ ఇయర్లీ రాయగలనా?' తీసేయించుకుంటానంది. తల్లి సంతకం పెట్టింది.

అప్పటికి 20 వారాల 2 రోజులు. 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 20 దాటితే ఇద్దరు కావాలి, 2021 సవరణ ప్రకారం ఫారం ఇ. మైనర్లు ఆ సవరణలోని ప్రత్యేక వర్గాల్లో ఉన్నారు కాబట్టి 24 వారాల దాకా ఇబ్బంది లేదు. ఇంకో నాలుగు వారాలు జరిగి ఉంటే హైకోర్టే.

వార్డులో

కాన్పుల వార్డులో పడుకోబెట్టకూడదు. పక్క మంచం మీద పసిబిడ్డ ఏడుస్తుంటుంది. గైనిక్ వార్డులో చివరి గది ఇచ్చాం, తల్లి తోడు. నరం ద్వారా ఎక్కించే ఐరన్ సుక్రోజ్ లెక్క: 2.4ను 42 కిలోలతో, రావాల్సిన హిమోగ్లోబిన్ 11కి ఉన్న 8.6కి మధ్య తేడాతో గుణించి 500 కలిపితే సుమారు 740 మిల్లీగ్రాములు. రోజు విడిచి రోజు 200 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు డోసులు, మూడు వార్డులో, నాలుగోది ఫాలోఅప్‌లో. ఒక యూనిట్ బి నెగెటివ్ రక్తం ముందే క్రాస్‌మ్యాచ్ చేయించి పెట్టుకున్నాం. నెగెటివ్ గ్రూపు కావాలంటే అర్ధరాత్రి దొరకదు.

మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు నోటి ద్వారా. ఒకటిన్నర రోజు గడిచాక మిసోప్రోస్టాల్ 400 మైక్రోగ్రాములు, మూడు గంటలకోసారి. నాలుగో డోసు తర్వాత, మొత్తం 11 గంటలకు అయిపోయింది. మాయ 25 నిమిషాలకు పూర్తిగా వచ్చింది. పరిచి చూసి ముక్క తగ్గలేదని నిర్ధారించుకున్నాం. రక్తం ఎక్కించే అవసరం రాలేదు. నెగెటివ్ గ్రూపు వాళ్లకు మున్ముందు గర్భాలకు ముప్పు రాకుండా 72 గంటల లోపు ఇవ్వాల్సిన యాంటీ-డి 300 మైక్రోగ్రాములు అదే రోజు ఇచ్చాం.

నొప్పి గురించి విడిగా చెప్పాలి. పెళ్లికాని అమ్మాయికి నొప్పి మందు ఆలస్యంగా అందడం చాలా వార్డుల్లో రాయని శిక్ష. 'అప్పుడు తెలియలేదా' అన్న మాట ఆయాల నోటి నుంచి మాత్రమే రాదు. అందుకే 'అవసరమైతే' అని రాయకూడదు. మొదటి మిసోప్రోస్టాల్‌తో పాటే ఇబుప్రోఫెన్, తర్వాత టైము ప్రకారం ట్రమడాల్ ఇంజెక్షన్, వాంతి కాకుండా మందు. చార్టులో టైము వేస్తే ఎవరి జాలి మీదా ఆధారపడనక్కర్లేదు.

ఇక తండ్రి ఫిర్యాదు సంగతి. కేసు నమోదైతే డీఎన్‌ఏ పరీక్షకు పిండం కణజాలం కావాలి. థియేటర్లో అలవాటుగా చేతికందేది ఫార్మలిన్ డబ్బా. బయాప్సీకి అదే సరి, డీఎన్‌ఏకు అది విషం. నార్మల్ సెలైన్‌తో రక్తం కడిగి, వెడల్పు మూతి డబ్బాలో గట్టిగా మూతపెట్టి, సీలు వేసి, ఐస్ ప్యాకుల మధ్య పెట్టాలి. పేరు చెప్పని కేసైనా ఇలాగే భద్రపరచాలన్నది మా పద్ధతి, ఎందుకంటే కుటుంబం మనసు ఎప్పుడు మారుతుందో తెలియదు. ఈసారీ సిస్టర్ చేతిలో ఫార్మలిన్ డబ్బా మూత తీసే ఉంది. డబ్బా మీద ఎర్ర టేపు అంటించి 'పోక్సోకు వద్దు' అని రాసి ఉండబట్టి ఆగింది. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు, ఈ మూడూ సంతకాలతో ఉంటేనే ఫోరెన్సిక్ ల్యాబు తీసుకుంటుంది.

వైద్య పరీక్షలో, లైంగిక అలవాటు ఉందో లేదో చూసేందుకని చేసే రెండు వేళ్ల పరీక్ష లేదు. సుప్రీంకోర్టు 2013లో తప్పన్నది, 2022 అక్టోబర్‌లో చేసినవాళ్లది దుష్ప్రవర్తన అని మరోసారి చెప్పింది. కొన్ని పాత ప్రింటెడ్ ఫారాల్లో ఆ గడి ఇంకా ఉంటుంది. కొట్టేసి సంతకం పెట్టాం.

పాలు

డిశ్చార్జికి ముందు ఎవరూ చెప్పని సంగతి ఇది. 16 వారాలు దాటాక గర్భం పోతే రెండో రోజుకో నాలుగో రోజుకో పాలు పడతాయి. హాస్టల్లో, తెల్ల యూనిఫాం మీద తడి. అక్కడే దొరికిపోయిన అమ్మాయిలున్నారు, అక్కడే కుప్పకూలినవాళ్లూ ఉన్నారు. బీపీ మామూలుగా ఉంది కాబట్టి మొదటి రోజే పాలు పడకుండా ఆపే కాబెర్గోలిన్ 1 మిల్లీగ్రాము ఒక్కసారి ఇచ్చాం. బిగుతు బ్రా వేసుకోవాలి, పిండకూడదు, వారం పాటు హాస్టలుకు వెళ్లకూడదు.

రెండు వారాల్లోనే మళ్లీ అండం విడుదల కావచ్చు. గర్భనిరోధకం మాట ఎత్తితే 'ఇంకెందుకు మేడమ్, బుద్ధొచ్చింది' అంటుంది తల్లి. అమ్మాయిని విడిగా అడగాలి. మూడు నెలలకోసారి వేసే 'అంతర' గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకుంది.

కాలేజీకి ఇచ్చే కాగితం వేరు, ఆసుపత్రి కాగితం వేరు. కాలేజీ చీటీలో 'తీవ్ర రక్తహీనతకు చికిత్స' అని రాసివ్వాలని తల్లి అడిగింది. 8.6 తీవ్రం కాదు, మధ్యస్థం. 'రక్తహీనతకు ఇంజెక్షన్ల చికిత్స' అని రాశాం. అబద్ధం లేదు, అక్కర్లేని నిజమూ లేదు. ఫాలోఅప్‌కు ఆశా కార్యకర్తను పంపలేదు. ఆమె మంచిదే, కానీ అదే వీధి.

రెండు వారాలకు వచ్చింది. నాలుగో ఐరన్ డోసు, స్కాన్‌లో గర్భాశయం ఖాళీ. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం తేదీ సరిగ్గా హాఫ్ ఇయర్లీ ఫిజిక్స్ రోజున పడింది. బాలల సంక్షేమ కమిటీ నియమించిన సహాయక వ్యక్తి కోర్టులో దరఖాస్తు పెట్టి మరుసటి రోజుకు మార్పించింది. ఇలాంటివి చేయడానికే ఆ పదవి ఉందని చాలా కుటుంబాలకు తెలియదు, కమిటీని అడిగి వేయించుకోవాలి. అబ్బాయి రిమాండ్‌లో ఉన్నాడు. ఆ సంగతి అమ్మాయి ఎత్తింది, మళ్లీ తనే ఆపేసింది.

ఆరు వారాలకు హిమోగ్లోబిన్ 10.9. వెళ్లే ముందు, రిజిస్టర్లో తన పేరు ఎంతమంది చూస్తారని అడిగింది. రిజిస్టర్లలో పేరు ఉండేది ఒక్క అడ్మిషన్ రిజిస్టర్లోనే. అది రహస్య పత్రం, బీరువాలో, అయిదేళ్లు. కేసు షీటు, థియేటర్ రిజిస్టరు, ఫాలోఅప్ కార్డు, అన్నింటి మీదా క్రమ సంఖ్యే ఉండాలన్నది నిబంధన. థియేటర్ రిజిస్టరు తెప్పించి చూస్తే ఎర్ర ఇంకుతో పేరు పూర్తిగా రాసి ఉంది. ఆమె ముందే తెల్ల కాగితం అంటించి, పైన సంఖ్య వేసి, సంతకం పెట్టాం.